అచ్చు గట్టిపడేదాకా

అసలు ఆ మందుల షాపాయన్ని సాయంత్రం టీకి రమ్మని నిన్నెవరు పిలవమన్నారమ్మా? ఆఁ? నాలుక కదపకు, నాలుక కదపకు! జవాబు చెప్పమని కాదు అడిగింది. నోట్లో అచ్చు ట్రే పెట్టుకుని కూడా మాట్లాడబోయే మనిషిని నిన్నే చూస్తున్నాను.

ముక్కుతో గాలి పీల్చు. తల కొంచెం ముందుకి వంచు. ఆ గులాబీ ముద్ద గట్టిపడేదాకా కదలకుండా కూర్చోవాలి, అంతే. కదిలితే అచ్చు పాడవుతుంది. అచ్చు పాడైతే కట్టుడు పళ్ళు దవడ మీద నిలవ్వు, నలుగురిలో తింటూ ఉంటే కంచంలో పడతాయి. అప్పుడు మళ్ళీ నన్నే ఆడిపోసుకుంటావు, కూతురు పళ్ళ డాక్టరై ఉండి ఏం లాభం అని.

నవ్వకు. నీ కళ్ళు నవ్వుతున్నాయి, నాకు తెలుస్తోంది. ఇన్నాళ్ళకి నీ నోరు మూయించాననేగా? అవును, మూయించాను. పళ్ళన్నీ పీకేశాక కూడా నీ మాటకి ఏ లోటూ రాలేదు కదా, ఒట్టి చిగుళ్ళతోనే వీధంతా చక్కబెట్టేస్తున్నావు. నేను ఒక మాట మొదలుపెడితే దాన్ని పూర్తిచేసేది నువ్వే. చిన్నప్పుడు "అమ్మా, నాకూ..." అంటే "ఆకలేస్తోందా" అనేదానివి. "అమ్మా, నేనూ..." అంటే "తప్పావా పరీక్ష" అనేదానివి. మూడో మాట దాకా నేను వెళ్ళిన రోజు లేదు. అందుకని ఇవాళ నీ నోట్లో ఇంత ముద్ద కుక్కి మాట్లాడుతున్నాను. డాక్టరు చదువు ఇలా పనికొస్తుందని ఫీజు కట్టిన రోజున నువ్వూ అనుకుని ఉండవు.

సరే, విను. మందుల షాపాయన మంచివాడే. భార్య పోయింది, పాపం. షాపు సొంతం, మాట మెత్తన, చిల్లర లేదని చాక్లెట్లు అంటగట్టడు. నువ్వు చెప్పినవన్నీ నిజాలే. కానీ మన పిండిబొమ్మకి ఆ సంబంధం వద్దు.

ఆ పేరు నువ్వు పెట్టిందే కదా! నా క్లినిక్ వెనక గదిలో కూర్చుని పళ్ళసెట్లు తయారుచేసే మనిషి, పొద్దస్తమానం ప్లాస్టర్ పొడిలో మునిగి తేలుతుంది, బయటికొస్తే కనుబొమల దగ్గర్నుంచీ తెలుపే. చూసిన మొదటిరోజే "ఎవరే ఈ పిండిబొమ్మ" అన్నావు. తనకి ఆ పేరు ఎంత నచ్చిందో నీకు తెలీదు. నీకూ తనంటే ప్రాణమే. రోజూ క్యారియర్ కట్టి పంపిస్తావు. నాకు పెట్టని మాగాయ బద్ద... సరే, ఆ లెక్కలు ఇప్పుడొద్దు. "పాపం దానికెవరూ లేరు, ఆ ప్లాస్టర్ బస్తాల మధ్య మడతమంచం వేసుకుని పడుకుంటోంది, దానికీ ఓ ఇల్లూ వాకిలీ ఉండొద్దా" అనుకుంటూ వెళ్ళి మందుల షాపు మెట్లెక్కావు.

అమ్మా, తనకి ఇల్లుంది.

ఉండుండు. గట్టిపడింది, తీస్తున్నాను. పెద్దగా తెరువు. ఆఁ, వచ్చేసింది. కింది దవడ ఎంత శుభ్రంగా దిగిందో చూడు. పుక్కిలించు. ఉమ్ము. గడ్డానికి అంటుకుంది, తుడుచుకో. ఏమిటీ? ఆ ఇల్లెక్కడుందనా? చెప్తా, ముందు పైది పెట్టనీ. వద్దు, మాట్లాడకు, మాట్లాడితే నోరు ఆరిపోయి ముద్ద అంటుకుపోతుంది. అవును, అలాగే మాకు పుస్తకాల్లో రాసుంటుంది. తెరువు. ఇంకొంచెం. పైది కాబట్టి వాంతి వస్తున్నట్టు ఉంటుంది, భయపడకు. కాలి బొటనవేళ్ళు ఆడిస్తూ ఉండు, మనసు అటు మళ్ళుతుంది. బాగుంది.

ఇప్పుడు చెప్తాను.

బ్రష్ సంగతి గుర్తుందా? మోకాలి ఆపరేషన్ అయ్యాక నువ్వు మా ఇంట్లో దిగిన కొత్తల్లో, బాత్రూం గ్లాసులో మూడు బ్రష్‌లున్నాయి. "ఇద్దరున్న ఇంట్లో మూడు బ్రష్‌లేమిటే" అన్నావు. పళ్ళ డాక్టర్ని కదా, కంపెనీవాళ్ళు ఊరికే ఇస్తూ ఉంటారని చెప్తే సరిపోయేది. ఆ తెలివి సమయానికి వస్తే ఇంకేం! మూడోది బూట్లు తోమడానికి అనేశాను. నువ్వు ఊరుకుంటావా? పని దొరికింది కదా అని పాలిష్ డబ్బా వెతికి తీసి, మీ అల్లుడి బూట్లు దానితోనే మెరిసేదాకా తోమావు. ఆనక కడిగి, పొందిగ్గా మళ్ళీ గ్లాసులోనే పెట్టావు.

అది మన పిండిబొమ్మది. ఆ మధ్యాహ్నం నిన్ను చూసిపోదామని వచ్చి, భోజనమయ్యాక అలవాటు కొద్దీ బాత్రూంలోకెళ్ళి పళ్ళు తోముకుంది. నురగ నల్లగా వచ్చిందట. బయటికొచ్చి నావైపు చూసిన చూపుందే! మీ అల్లుడు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాడు. నువ్వేమో "ఏమ్మా, పళ్ళు పుచ్చాయా, మా అమ్మాయికి చూపించుకో" అని తనకే సలహా ఇచ్చావు. అప్పట్నుంచీ ఆ బ్రష్‌కి ఇంట్లో చోటు లేదు. నా చేతిసంచీలో, సబ్బుడబ్బాలో పెట్టుకుని తిప్పుతున్నాను.

కనుబొమలు పైకెళ్ళాయి. అంటే అర్థమవుతోంది అన్నమాట.

నువ్వు పడుకుంటున్న గది తనదమ్మా. కిటికీ పక్కన ఆ మంచం తనది. నడుంనొప్పి హరించుకుపోయిందని వచ్చినవాళ్ళందరికీ నొక్కి చూపిస్తావే, ఆ పరుపు తను ఊరంతా తిరిగి ఏరి కొనుక్కున్నది. నువ్వొస్తున్నావని ఫోనొచ్చిన రోజునే సంచీ సర్దుకుని ఇక్కడికొచ్చేసింది. నేను పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు. గుమ్మంలో నిలబడి, సంచీ జిప్పు సరిగ్గా పడలేదని చెప్పాను. అంతే నేను చేసిన సాయం.

తను నా స్నేహితురాలు కాదు. అంటే, స్నేహితురాలే, కానీ... చూశావా, నువ్వు అందుకోకపోయేసరికి నా మాట మధ్యలోనే ఆగిపోతోంది. అలవాటు లేదు కదా. నాకు తనంటే ప్రేమ. మీ అల్లుడంటే ఎలాంటి ప్రేమో, తనంటే అలాంటి ప్రేమే.

ట్రే కదపకు! కాలివేళ్ళు, కాలివేళ్ళు ఆడించు!

మీ అల్లుడికి తెలుసా అనేగా ఆ చూపు? పెళ్ళికి ముందే తెలుసు. టీ దుకాణంలో కూర్చోబెట్టి చెప్పాను. నాకు మగవాళ్ళూ నచ్చుతారు, ఆడవాళ్ళూ నచ్చుతారు, జన్మంతా ఒక్కరితోనే సరిపెట్టుకుంటానని మాటివ్వలేను, అలాగని చాటుమాటు వ్యవహారాలు నా వల్ల కావు అన్నాను. ఆయన చాలాసేపు చెంచాతో టీ కలిపాడు. అసలు పంచదారే వేసుకోడు మనిషి! చివరికి తలెత్తి, "ఆ రూలు నాకూ వర్తిస్తుందా" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, రెండువైపులా సమానంగా ఉందో లేదో చూసుకుంటాడు. వర్తిస్తుందన్నాను. "అయితే బిల్లు నువ్వు కట్టు" అన్నాడు. అదీ మా నిశ్చయం.

కాబట్టి, అమ్మా, శనివారం సాయంత్రం ట్యూషన్లున్నాయని వెళ్తాడే, ఆ ట్యూషన్లు లేవు, వెళ్ళేది ఒకావిడ దగ్గరికి. ఆవిడ నాకు తెలుసు, మంచి మనిషి. "శనివారం కూడా పిల్లల కోసం అరిగిపోతున్నాడు" అని డబ్బాలో వేయించిన జీడిపప్పు పోసి ఇస్తావు చూడు, అది ఆవిడే తింటోంది. ఉప్పు సరిగ్గా సరిపోయిందని చెప్పమంది. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యడంలేదు. అందరికీ అన్నీ తెలుసు. నీకు తప్ప.

నా బాపతు మనుషులకి ఓ పేరుంది. ఇంగ్లీషులో చెప్తే దానికి మందేమిటని అడుగుతావు. తెలుగులో ద్విలైంగికురాలు అంటారట. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని ఒక్కసారైనా పలికి చూసి ఉండరు. నేను అద్దం ముందు నిలబడి అంటే నాకే ఎవరో ప్రభుత్వోద్యోగి అనిపించింది.

నీకే మొదట చెప్తున్నానని మురిసిపోకు. ముందు బయట ప్రాక్టీసు చేసి వచ్చాను. నా కాలేజీ ఫ్రెండుకి చెప్పాను. వాటేసుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, "నాకు చెప్పుకున్నావు చూడు, అది చాలే" అంది. ఆ తర్వాత మెల్లగా, "నన్నెప్పుడైనా అలా చూశావా" అంది. ఛ, లేదే, ఒట్టు అన్నాను. మొహం మాడ్చుకుంది. "ఏం, నాకేం తక్కువ" అంది! అప్పట్నుంచీ వాళ్ళింటికెళ్తే మొగుణ్ణి నాకు దూరంగా కూర్చోబెడుతుంది, తనూ దూరంగానే కూర్చుంటుంది. ఇద్దర్నీ కాపాడుకోవాలి కదా పాపం. సోఫా అంతా నాకే వదిలేస్తారు.

ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళంతా ఓ చోట కలుస్తారంటే అక్కడికెళ్ళాను. మొదట్లో అక్కా అక్కా అని నా చుట్టూనే తిరిగారు. ఇంట్లో మొగుడున్నాడని తెలిసిందో లేదో, నా కుర్చీ తలుపు దగ్గరికి జరిగిపోయింది. "నీకేమమ్మా, ఇక్కడ విసుగొస్తే పోవడానికి సంసారం ఉంది" అన్నారు. అంటే నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నట. వాళ్ళ బాధ వాళ్ళది, కాదనను. కానీ టీ కప్పు కూడా వాళ్ళందరికీ పింగాణీది, నాకు కాగితంది.

పోనీ, ఒకరికంటే ఎక్కువమందిని ప్రేమించేవాళ్ళ కూటమి ఒకటుందంటే ముగ్గురం కలిసి అక్కడికీ వెళ్ళాం. అబ్బో, బంగారంలాంటి మనుషులు. వాళ్ళు ప్రేమించుకోవడం మాత్రం నేను చూడలేదు, మీటింగులు పెట్టుకోవడమే చూశాను. ఎవరు ఏ పూట ఎవరింట్లో ఉండాలో గోడ మీద రంగురంగుల చార్టు. ఎవరికైనా అసూయ కలిగితే చెయ్యెత్తాలి. ఎత్తిన చేతి మీద చర్చ. మీ అల్లుడు స్కూల్లో స్టాఫ్ మీటింగ్ అనుకుని హాయిగా నిద్రపోయాడు. మన పిండిబొమ్మ లేచి, "నాకు చార్టూ వద్దు, చర్చా వద్దు, గ్లాసులో నా బ్రష్ ఉంటే చాలు" అంది. దాని మీద ఓ ఉపసంఘం వేశారు.

నవ్వుతున్నావా? లేదా? ఆ ముద్దతో నీ మూతి ఎటు పోతోందో తెలియడంలేదు నాకు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసే విషయాలేనమ్మా. కాగితం కప్పులో తాగితే ఏం పోయింది? వాళ్ళెవరూ నాకు అమ్మ కాదు.

అదిగో, విన్నావా? వెనక గదిలో పళ్ళు అరగదీసే మోటారు ఆగిపోయింది. తను వింటోంది. ఈ గోడలు ఎంత పల్చనో నాకు తెలుసు, పళ్ళు పీకించుకునేవాళ్ళు అరిస్తే బజారు దాకా వినిపిస్తుంది. వింటే విననీ. నిన్న తనని అడిగావట కదా, "ఆయన్ని రమ్మన్నాను, నీకిష్టమేనా తల్లీ" అని. తను నోరు విప్పలేకపోయింది. నువ్వంటే ఎంత ఇదో తెలుసా, మందుల షాపాయన్నైనా చేసుకుంటుంది గానీ నీ మొహం మీద కాదనలేదు. పొద్దున ఇక్కడ షట్టర్ తీస్తుంటే నాతో అంది. "సాయంత్రం ఆయనకి ఏం చెప్పాలో నువ్వు చెప్పు. నువ్వేం చెప్పకపోతే సరేనంటాను. అక్కడ కనీసం నా బ్రష్ గ్లాసులో ఉంటుంది" అంది. కోపంగా అనలేదు. ప్లాస్టర్ బస్తా మూతి కట్టుకుంటూ అంది. అందుకే ఇవాళే నిన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టాను.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటావు. నువ్వు తిడతావని భయపడ్డాననుకుంటున్నావేమో. తిట్టవే తల్లీ! నువ్వు తిడితే నాకు ధైర్యం. పొద్దున తిడితే మధ్యాహ్నానికి "తిన్నావా" అంటావు. నాకు భయం, పిన్నికి చేసినట్టు చేస్తావని.

కళ్ళు మూసుకోకు. ఈ ఒక్కసారికీ పిన్ని మాట విను. నీ తోడబుట్టిన చెల్లెలు, మొగుణ్ణి వదిలేసి ఇంకొకాయనతో వెళ్ళిపోయింది. నువ్వు ఒక్క తిట్టు తిట్టలేదు. మాట్లాడటం మానేశావు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ ఊరందరికీ కలిపినదానివి, ఎవరి గుట్టూ ఎన్నడూ బయటపెట్టనిదానివి, ఇంటికి సొంత చెల్లెలి ఫోనొస్తే రిసీవర్ తీసి బల్ల మీద పెట్టేసి కూరగాయలు తరుక్కునేదానివి. "అక్కా, అక్కా" అని ఆ రిసీవర్లోంచి పిన్ని పిలవడం నేను చదువుకునే గదిలోకి వినిపించేది. అమ్మమ్మ పోయినరోజు మీరిద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. పిన్ని ఏడుస్తూ నీ భుజం మీద చెయ్యేసి "అక్కా" అంది. నువ్వు కళ్ళజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకున్నావు. మళ్ళీ పెట్టుకుని ఇంకెటో చూశావు.

అప్పటికే నాకు తెలుసు నేనెలాంటిదాన్నో. మీ ఇద్దరి వెనకాల నిలబడి, ఆ కళ్ళజోడు వంకే చూస్తూ ఉన్నాను.

సరే. అయిపోయింది. చెప్పాల్సిందంతా చెప్పాను. ముద్ద కూడా ఎప్పుడో గట్టిపడింది, నేనే మాటల్లో పడి వదిలేశాను. తెరువు. వస్తోంది, వస్తోంది. ఇదిగో నీళ్ళు. పుక్కిలించు. తువ్వాలు ఇక్కడుంది.

ఊఁ. చెప్పు.

అమ్మా?

ఏదో ఒకటి అను. పర్లేదు, నాకు తర్వాత పేషెంట్లు కూడా లేరు. నోట్లో ఏం లేదు కదా ఇప్పుడు, నొప్పిగా ఉందా? దేనికోసం వెతుకుతున్నావు? కళ్ళజోడెందుకూ? ఇప్పుడు చూసేదేముంది ఇక్కడ? అమ్మా, వద్దు, దాన్ని తుడవకు. తువ్వాలు తడిగా ఉంది. అమ్మా...

అయ్యో! ఇది చూశావా, ఈ పై అచ్చులో? గాలిబుడగ వచ్చింది. ఇదిగో, ఇక్కడ, అంగిట్లో. ఇలా ఉంటే పళ్ళు నిలవ్వు. మళ్ళీ తియ్యాల్సిందే, తప్పదు. కళ్ళజోడు ఇలా ఇవ్వు, ముద్ద పడితే గీతలు పడతాయి. నా కోటు జేబులో భద్రంగా ఉంటుంది. ఒక్క క్షణం, కలుపుతున్నాను. అయిపోయింది. తెరువు. తెరువమ్మా, నీకు దణ్ణం పెడతాను.

హమ్మయ్య.

ముక్కుతో గాలి పీల్చు. ఈసారి చల్లటి నీళ్ళతో కలిపాను. గట్టిపడటానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.

బాగుంది కదా ఇలా ఉంటే. నువ్వు మాట్లాడవు. మాట్లాడలేవు. మామూలు విషయమే. డాక్టరు, పేషెంటు.

అలా చూడకు.

సరే, చెప్తాను. బుడగేం లేదు. అచ్చు మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చింది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అంత మంచి పై అచ్చు నేను తియ్యలేదు, కావాలంటే తనని అడుగు. నీ నోట్లో ముద్ద ఉన్నంతసేపూ నువ్వు మాట్లాడకపోవడానికి కారణం ముద్దే అనుకోవచ్చు. ఖాళీ నోటితో నువ్వు ఊరుకున్నావంటే దానికి నేనే కారణం. అది నావల్ల కాలేదు. సొంత తల్లి నోరు అబద్ధమాడి మళ్ళీ కట్టేశాను. ఏ పేషెంటుకీ ఎన్నడూ చెయ్యని పని.

చెయ్యెందుకు ఎత్తుతున్నావు? తీసెయ్యమనా? ఇంకొంచెంసేపు ఉండనీ. ఆగాగు, నీ చేత్తో లాగకు, చిగురు చీరుకుపోతుంది! వదులు, నేను తీస్తాను. తీస్తున్నా. ఇదిగో, వచ్చేసింది.

నీళ్ళు తాగు.

సరే. నీకు మాట రావడంలేదు. పళ్ళు లేవు కదా, అందుకనే అయ్యుంటుంది. ఒట్టి చిగుళ్ళతో వీధంతా చక్కబెట్టిన సంగతి నేను మర్చిపోతాను, నువ్వూ మర్చిపో. పళ్ళు లేని మనిషికి మాట ఎలా వస్తుంది?

మందుల షాపాయనకి నేనే ఫోన్ చేసి చెప్తాను, సాయంత్రం రావొద్దని. బ్రష్ ఇవాళ గ్లాసులో పెడుతున్నాను. నువ్వేమీ అనకపోయినా సరే. దానితో బూట్లు మాత్రం తోమకు. నీ కళ్ళజోడు నా జేబులోనే ఉంది, ఇప్పుడే అడగకు.

లేవకు, కాసేపు అలాగే కూర్చో. ఈ అచ్చులు తనకి ఇచ్చొస్తాను, ఎక్కువసేపు బయటుంటే ముడుచుకుపోతాయి. నీ పళ్ళు చేసేది తనే కదా. నెమ్మదిగా చెయ్యమంటాను. తొందరేం లేదంటాను. ఆ పళ్ళు వచ్చేశాయంటే, అమ్మా, నువ్వు మాట్లాడకపోవడానికి చెప్పుకోవడానికి ఇంకే సాకూ మిగలదు నాకు.